నాలుగు బెజ్జాల అట్ట

ఆ ఏడాది పదో తరగతి పిల్లలకు సాయంత్రం క్లాసు చెప్పుకోవడానికి మా ప్రార్థన మందిరం తాళంచెవి నా చేతికి వచ్చింది. ఇచ్చినవాడు మా నాయన. మూడు నెలలు తిరక్కముందే వెనక్కి అడిగినవాడూ ఆయనే.

నాయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. అప్పటినుంచి మా చిన్న సంఘానికి పెద్ద. ఆదివారం గంట కొట్టేది, చాపలు పరిచేది, కానుక సంచి లెక్క చూసేది ఆయనే. నేను బదిలీ మీద సొంతూరి హైస్కూలుకు భౌతిక రసాయన శాస్త్రాల టీచరుగా వచ్చి ఆయన దగ్గరే ఉంటున్నాను. మా ఊరు ధర్మవరం నుంచి బస్సులో ముప్పావు గంట. ఒక సగం ఊరు శెనక్కాయ సేద్యం, ఒక సగం ఊరు పట్టు మగ్గాలు. వానలు పడని ఏడు మొదటి సగం కూడా రెండో సగానికి కూలికి వచ్చేస్తుంది.

మగ్గం ఉన్న ఇంట్లో పిల్లకు కూర్చుని చదువుకునే చోటుండదు. ముందుగది మొత్తం మగ్గమే. దాని చప్పుడు మధ్య అమ్మ వంట, నాయన నేత, అవ్వ కండెలు చుట్టడం. స్కూలు నాలుగున్నరకు తాళం వేసేస్తారు. అందుకే మందిరం అడిగాను. తాడిపత్రి బండలు పరిచిన చల్లటి నేల, రెండు ఫ్యాన్లు, తెల్లటి గోడ. వారమంతా ఖాళీ. నాయన ఒక పూట ఆలోచించి, పెద్దల దగ్గర మాట తీసుకుని, తాళంచెవి ఇచ్చాడు.

"పిల్లోల్లు ఎవురైతేనేం, చదువుకునేదానికి గదా. తీసుకో," అన్నాడు. "అయితే ఒగ మాట. అది దేవుని ఇల్లు. గుర్తు పెట్టుకోవాల."

గుర్తు పెట్టుకోవడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నేను పెరిగిందే ఆ బండల మీద. నాకు తెలిసిన చదువంతా కంఠతా చదువు. ఆదివారం బడిలో వారానికొక వాక్యం కంఠతా పట్టి, అందరి ముందూ నిలబడి తడబడకుండా చెప్పాలి. ఎనిమిదేళ్ల వయసులో అన్నిటికన్నా పొడుగాటి కీర్తనలో సగం ఒప్పజెప్పి పెన్సిలు డబ్బా గెలుచుకున్నాను. కాబట్టి రసాయన శాస్త్రం కూడా అట్లాగే చెప్పాను. సంయోజకతలు రోజూ నిలబెట్టి చెప్పించాను. హైడ్రోజన్ ఒకటి, ఆక్సిజన్ రెండు, నైట్రోజన్ మూడు, కార్బన్ నాలుగు. పిల్లలు పాటలాగా చెప్పేవాళ్లు. వింటుంటే నాకు కడుపు నిండేది.

మూడు నెలల పరీక్షలో అందరికన్నా గట్టిగా పాడిన పిల్లే నీళ్లకు ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ రాసింది. ఆ పిల్ల తండ్రి మగ్గాలకు డిజైను అట్టలు కొట్టేవాడు. అందుకని క్లాసంతా ఆమెను అట్టల పాప అనేది. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ వేలికి దారం చుట్టుకుంటూ ఉండేది. పేపరు ముందు పెట్టి అడిగాను.

"ఆక్సిజన్ ఎంత?"

"రెండు మేడం."

"మరి ఈడ ఒకటే హైడ్రోజన్ ఏంది?"

ఆమె కాసేపు పేపరు వైపు చూసింది. "రెండు అని చెప్పినారు గదా మేడం. ఏమి రెండో చెప్పల్యా."

క్లాసు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నిజంగానే నేను ఏమి రెండో చెప్పలేదు.

ఆ పిల్ల సంగతి నాకు తెలుసు. పదిలో తప్పితే మళ్లీ కట్టించేది లేదని, మగ్గం మీద అమ్మ పక్కన కూర్చోబెడతామని ఇంట్లో చెప్పేశారు. ఆ బెదిరింపు ఒక్క ఆమెకే కాదు. క్లాసుకు వచ్చే పద్నాలుగు మందిలో ఏడెనిమిది మందికి అదే మాట. మిగిలిన సబ్జెక్టులు ఎట్లాగో గట్టెక్కేవి. భయమంతా నా సబ్జెక్టు దగ్గరే.

ఆ సాయంత్రం మందిరంలో మళ్లీ నీళ్ల దగ్గరే మొదలుపెట్టాను. ఆక్సిజన్‌కు రెండు చేతులు ఉంటాయనుకోండి, హైడ్రోజన్‌కు ఒకటి, అన్నాను. అట్టల పాప ఉన్నట్టుండి లేచింది.

"చేతులు కాదు మేడం, బెజ్జాలు!"

పరుగెత్తి ఇంటికి వెళ్లి ఒక కట్ట పాత అట్టలు తెచ్చింది. చీర మీద పువ్వు రావాలంటే బెజ్జాలు కొట్టిన అట్టలను వరసగా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తారు. బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఆ పువ్వంతా ఆ బెజ్జాల్లోనే ఉంటుంది. ఈ అట్టలు ఎవరో డిజైను తప్పుగా గీస్తే వృథా అయినవి. ఆమె వాటి అంచులు, బెజ్జాలు లేని చోట, చీటీలుగా కత్తిరించి, తండ్రి పంచుతో ఒకదానికి ఒక బెజ్జం, ఒకదానికి రెండు కొట్టి, పట్టు తుక్కు దారం దూర్చి ముడేసింది. ఆక్సిజన్ అట్టకు రెండు బెజ్జాలు. ఒక హైడ్రోజన్ కట్టగానే రెండో బెజ్జం ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

"చూడండి మేడం. ఇట్ల వదిలేస్తే నేత తప్పు," అంది. తన పేపరు తప్పు తనే దిద్దుకుంది.

ఆ రాత్రి అన్నం తింటూ నాయనకు చెబితే, "పిల్ల తెలివైనదే," అన్నాడు.

అట్ట నుంచి ఆట రావడానికి వారం కూడా పట్టలేదు. డిజైన్లు గీసే గళ్ల కాగితం పెద్దది ఒకటి తెచ్చి, దాని మీద దారి గీశాం. నూరు గళ్లు. కొన్ని గళ్లలో ఒక పదార్థం పేరు. నీళ్లు, సున్నం, సోడా గ్యాసు, గోబర్ గ్యాసు, అమ్మోనియా. ఆ గడి మీద పడితే అది అట్టలతో కట్టి చూపించాలి, లేకపోతే వెనక్కి. అట్టల మీద మూలకాల ఇంగ్లీషు అక్షరాలు నేనే నల్ల ఇంకుతో రాశాను. కాయలు చింతగింజలు. ఎన్ని గళ్లు నడవాలో తేల్చడానికి ఒకమ్మాయి ఇంట్లో బారాకట్ట ఆడే గవ్వలు తెచ్చింది. పిల్లలకు అలవాటైనవే గదా అని నేనూ ఊరుకున్నాను. ఆ ఊరుకోవడంలోనే నా తప్పుంది. నేను ఏ ఇంటి బిడ్డనో ఒక గంటసేపు మరిచిపోయాను.

నవంబరులో ఒకరోజు పిల్లలు పన్నెండు పడిందని "బారా!" అని ఒక్క అరుపు అరిచారు. ఆ అరుపు అణగకముందే గుమ్మంలో నాయన కనిపించాడు. చెప్పులు బయట విప్పి, చేతిలో చీపురుతో. శనివారం సాయంత్రం ఊడ్చడానికి వచ్చాడు. నేల మీద, పీఠానికి రెండు బారల దూరంలో, గవ్వలన్నీ ఒకే తీరుగా పడి ఉన్నాయి.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది.

"గవ్వలు తీసేయండి నాయనా," అన్నాడు పిల్లలతో. వాళ్లు తీసేశారు. చీపురు గోడకు ఆనించి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక చెప్పాడు. ఆ మాటలు అంతకుముందు కూడా వినే ఉన్నాను, కానీ ఆరోజు నాకే తగిలాయి. నాయన చిన్నప్పుడు వాళ్ల నాయన జూదంలో ఎద్దుల జత పోగొట్టాడు. విత్తనం వేసే వారంలో. ఆ ఏడు నాయన, చిన్నాయన నాగలికి భుజం పెట్టి లాగారు. ఆ తర్వాతే ఆ ఇంట్లోకి ప్రార్థన వచ్చింది, జూదం పోయింది. ఆయన కండక్టరుగా ఉన్నప్పుడు వెనక సీట్లో ముక్కలాడేవాళ్లను నడిరోడ్డు మీద బస్సు ఆపించి దించేసేవాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"సిలువ కింద కూర్చోని సిపాయిలు ఏమి చేసినారు?" అని అడిగాడు.

నాకు తెలుసు. ప్రభువు అంగీ కోసం చీట్లు వేసుకున్నారు. కుట్టు లేకుండా పైనుంచి కింది దాకా ఒకే నేతగా నేసిన అంగీ. చించడానికి వాళ్లకే మనసు రాలేదు. నేతగాళ్ల ఊళ్లో ఆ భాగం చదివినప్పుడు మా సంఘంలో అందరూ ఒక్క క్షణం తలెత్తి చూస్తారు.

"ఆయన పైన ఉండాడు, వీళ్లు కింద ఆడుకుంటాండారు," అన్నాడు నాయన. "నా కండ్లకు ఈ పొద్దు అదే కనపడింది."

సోమవారం గవ్వలు ఇంటికి పంపేశాను. పాచికలు కూడా వద్దన్నాను. పిల్లల ముఖాలు వాడిపోయాయి. అట్టల పాప మాత్రం వేలికి దారం చుట్టుకుంటూ ఆలోచించింది.

"ఎన్ని అట్టలు కడితే అన్ని గళ్లు నడుస్తాం మేడం. గవ్వ ఎందుకు?"

అంతే. సంచిలో చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ఐదు అట్టలు తీసుకోవాలి. వాటిలోంచి ఖాళీ బెజ్జం మిగలకుండా ఏది కట్టగలిగితే అది కట్టాలి. నీళ్లయితే మూడు గళ్లు. అమ్మోనియా అయితే నాలుగు. గోబర్ గ్యాసయితే ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు, ఐదు. గవ్వలున్నప్పుడు అదృష్టం నడిపించింది. అవి పోయాక పిల్లలు అట్టలు చేతిలో పట్టుకుని నుదురు చిట్లించడం మొదలుపెట్టారు. కార్బన్ దొరికితే పండగ. నాలుగు బెజ్జాలు, ఎన్నో దారులు. ఒక కార్బన్, రెండు ఆక్సిజన్లు వస్తే సోడా గ్యాసు, జంట దారాలతో కట్టేవాళ్లు. వాళ్లు ఆక్సిజన్‌ను గాలి అనేవాళ్లు, హైడ్రోజన్‌ను ఒంటిచెయ్యి, కార్బన్‌ను బొగ్గు. ఉప్పు దగ్గర, సున్నం దగ్గర ఈ దారం లెక్క కుదరదని, అక్కడ పంచుకోవడం కాదు, ఒకటి ఇచ్చేస్తుంది, ఒకటి తీసుకుంటుందని విడిగా చెప్పాను. "అయితే అది దానం మేడం," అంది ఒకమ్మాయి. ఆ మాటకు నేనేమీ దిద్దలేదు.

మా నాయన వద్దనడం వల్లే ఆట బాగుపడింది. ఆ మాట ఆయనకు చెబుదామని సంతోషంగా వెళ్లాను.

"సంచిలో చెయ్యి పెట్టి తీస్తాండారు గదా. ఏది వస్తాదో తెలీదు గదా," అన్నాడు.

"తెలీదు నాయనా."

"అయితే అదీ అదే."

నాకు ఓపిక పోయింది. "జనవరి ఒకటో తేదీ మనం వాగ్దానపు చీటీ తీయడంలేదా? డబ్బాలో చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని?"

ఆయన ముఖం మారిపోయింది. ఆ మాట అన్నందుకు ఆ రాత్రి మోకాళ్ల మీద చాలాసేపు ఉన్నాను.

"దేవుని మాటను, మీ ఆటను ఒగటి చేస్తాండావా?" అన్నాడు మెల్లగా. "ఇంత దూరం వచ్చినాంక నేనొక్కన్ని చెప్పేది కాదు. కొత్త సంవత్సరంలో మొదటి ఆదివారం పెద్దల ముందర పెడతా. అంతదాకా తాళంచెవి నీ దగ్గరే ఉండనీ. ఆ తర్వాత ఇచ్చేయాల్సి వస్తాది."

పెద్దలు నలుగురు. నాయన వద్దన్నదాన్ని మిగిలిన ముగ్గురూ కాదన్నది నేను పుట్టినప్పటినుంచి చూడలేదు. పరీక్షలు మార్చిలో. మందిరం పోతే ఆ పద్నాలుగు మందిని ఎక్కడ కూర్చోబెట్టాలో నాకు తోచలేదు. పిల్లలకు ఆ సంగతి చెప్పాను. దాచడం నాకు చేతకాదు.

"తాతకు మామీద కోపమా మేడం?" అని అడిగింది అట్టల పాప.

"మీమీద కాదమ్మా."

"ఒగసారి ఆడితే తెలుస్తాది," అంది. "వచ్చి ఆడమనండి."

మా నాయనను ఆటకు పిలవడం! పిల్లలతో పాటు నేనూ నవ్వేశాను.

ఇక ఆ డబ్బా సంగతి. మా సంఘంలో వాగ్దానపు చీటీలు అచ్చువేసినవి కొనరు. చేతిరాత బాగుంటుందని ఏటా నేనే రాస్తాను. ఒక్కో చీటీ మీద లేఖనంలోని ఒక్కో వాగ్దానం. వాటిని పోసే పాత బిస్కట్ల రేకు డబ్బా ఒకటి మందిరం బీరువాలో ఉంటుంది. ఆ డిసెంబరులో పిల్లల సంచి చిరిగితే, వాళ్లు అట్టలన్నీ నన్ను అడక్కుండా ఆ డబ్బాలో పోసుకున్నారు. ముప్పయ్యో తేదీ నేను చూసి, అట్టలు కొత్త సంచిలోకి వంపి, డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను. ఆ సాయంత్రం పిల్లలు అట్టలు లెక్కపెట్టుకుంటే ఒకటి తగ్గింది.

"ఆరు బొగ్గులుండాల. ఐదే ఉండాయి!"

చాపలు ఎత్తారు, దులిపారు. అట్టల పాప పీఠం కింద పాకి వెతికింది. దొరకలేదు.

ముప్పయ్యొకటిన నేను వాగ్దానాలు రాశాను. అట్టల పాప తండ్రి ఇచ్చిన ఆ అట్టల అంచులే మిగిలి ఉంటే, కాగితం కన్నా గట్టిగా ఉంటాయని వాటి మీదే రాశాను. అదే అట్ట, అదే సైజు, అదే నల్ల ఇంకు, అదే నా చేతిరాత. డబ్బాలో పోశాను. లోపల అడుగున పరిచిన పాత కాగితం కింద ఏముందో చూడలేదు.

ఒకటో తేదీ ఉదయం పది గంటల ఆరాధన. అరవై మందిమి ఉంటాం. పాస్టరయ్య ప్రార్థన చేశాక డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ముందు సంఘపెద్ద తీయాలి. తీసి, నిలబడి, గట్టిగా చదవాలి. ఆ ఏడాదంతా అది ఆయన మాట. బైబిల్లో పెట్టుకుంటాడు, కష్టం వస్తే తీసి చూసుకుంటాడు. మా నాయన బైబిల్లో అట్లాంటివి ఇరవై ముప్పై ఉండేవి.

నాయన కళ్లు మూసుకుని, పెదవులు కదిలిస్తూ, చెయ్యి డబ్బా అడుగున కాగితం చప్పుడయ్యేదాకా పోనిచ్చాడు. తీశాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. చూశాడు. తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. తర్వాత ఆ అట్టను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. నాలుగు బెజ్జాల్లోంచి నాలుగు వెలుగు చుక్కలు ఆయన చొక్కా మీద పడ్డాయి.

నా ప్రాణం పోయింది.

"ఏముందన్నా?" అన్నాడు పాస్టరయ్య.

"ఇంగ్లీషులో ఒగే అక్షరం ఉండాది," అన్నాడు నాయన.

ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు వెనక గుమ్మం దగ్గరనుంచి ఒక గొంతు మందిరమంతా వినబడేట్టు వచ్చింది.

"మా బొగ్గు! మేడం, మా బొగ్గు దొరికింది!"

అట్టల పాప. కొత్త సంవత్సరమని నాకు చీనీకాయ, అదే బత్తాయి, ఇచ్చి పోదామని వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. అందరూ వెనక్కి తిరిగేసరికి చీనీకాయతోనే నోరు మూసుకుంది.

నాయన ఆమెను చూశాడు. "ఇది నీదా పాపా?"

"మాదే తాతా. మొన్న యెతికి యెతికి సచ్చినాం."

పాస్టరయ్య డబ్బా ముందుకు చాపాడు. "పొరపాటున కలిసిందిలేన్నా. అది పాపకిచ్చేసి ఇంకోటి తీయండి."

నాయన చెయ్యి చాపలేదు.

"ఇంకోటి తీస్తే?" అన్నాడు. "అదీ నచ్చకపోతే ఇంకోటి తీయాల్నా? నచ్చింది వచ్చేదాకా తీస్తే అది జూదమే గదప్పా. నేను ప్రార్థన చేసి తీసినా. ఇదే వచ్చింది. ఇది నాదే."

చొక్కా జేబులో వేసుకుని కూర్చున్నాడు.

"తాతా, ఆటకు తక్కువైతాది..." అంది గుమ్మంలోంచి చిన్న గొంతు.

"ఏడాది దాకా ఇయ్యనమ్మా," అన్నాడు నాయన వెనక్కి తిరక్కుండా. ఈసారి అందరూ నవ్వారు. ఆయన తప్ప.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఒకే ఒక మాట అడిగాడు. "నువ్వు కావాలని వేసినావా?"

"లేదు నాయనా."

తలూపాడు. మళ్లీ అడగలేదు. ఊళ్లో ఇంకెవరికైనా ఆ అనుమానం ఉండి ఉంటుంది. దగ్గరపడిన పెద్దల సమావేశం, మధ్యలో నా చేతిరాత అట్ట. కానీ నేను లేదంటే లేదని ఆయన నమ్మాడు.

ఆ సాయంత్రం క్లాసులో ఉండగా వచ్చాడు. చెప్పులు విప్పి, గోడవార చాప మీద కూర్చుని, జేబులోంచి అట్ట తీశాడు.

"ఇప్పుడు చెప్పు పాపా. దేవుడు నాకు ఈ ఏడు బొగ్గు ఇచ్చినాడు. బొగ్గంటే ఏంది?"

పిల్లలు నా వైపు చూశారు. ఆయన అడిగింది నన్ను కాదు. నేను సుద్దముక్క కింద పెట్టేశాను.

అట్టల పాప ఆయన ఎదురుగా కూర్చుంది. "దీనికి నాలుగు బెజ్జాలు తాతా. నాలుగు నిండాల. ఒగటి ఖాళీగా ఉండినా ఊరుకోదు." నాలుగు ఒంటిచేతులు, దారం ఆయన ముందు పెట్టింది. ఆ మొద్దు వేళ్లకు పట్టు దారం లొంగలేదు. మూడు కట్టి చాలించాడు.

"ఒగటి వేలాడతాంది తాతా."

"వేలాడనీలేమ్మా, కొత్తవాన్ని."

"వేలాడకూడదు! గోబర్ గ్యాసు కాదు అది. ఏమీ కాదు."

నాలుగోది కూడా కట్టించింది. తర్వాత ఒక బొగ్గుకు ఇంకో బొగ్గు కట్టి, దానికి ఇంకోటి కట్టి, ఐదింటిని బండ మీద పొడుగ్గా పరిచింది. "ఇది ఇంకో బొగ్గుతో చెయ్యి కలిపి ఎంత దూరమన్నా పోతాది. పట్టులో ఉండాదంట. శెనక్కాయలో ఉండాదంట. మనలో గూడా."

"నాలోనా?"

"నీలో, నాలో, మేడంలో. అందర్లో ఇదే."

నాయన ఆ వరస వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తన అట్టకు కట్టిన దారాలు విప్పి, దాన్ని ఆ వరస చివర ఆరోదిగా పెట్టాడు. పెట్టి, మళ్లీ భద్రంగా తీసుకున్నాడు.

"ఆ సంచి ఇట్ల ఇయ్యి," అన్నాడు.

ఆయన కళ్లు మూసుకోలేదు. సంచిలో చెయ్యి పెట్టి, ఐదు అట్టలు తీసి, వరసగా ముందు పరుచుకుని, నుదురు చిట్లించాడు. ఆ ఆటలో ఆయన అందరికన్నా వెనకబడ్డాడు. అట్టల పాప సున్నం దాటి పోతూ, "బండి కదల్లేదు కండక్టరు తాతా," అంది. ఇంకెవరైనా అని ఉంటే ఏమయ్యేదో.

ఇంటికి నడుస్తూ అన్నాడు. "వచ్చింది వచ్చినట్టు తీసుకోని, దాంతో ఏమి చేయాల్నో తలకాయ పెట్టి చూసుకోవాల. అంతే గదా ఇది?"

"అంతే నాయనా."

"మా నాయన ఆడింది ఇది కాదులే," అన్నాడు. ఎద్దుల సంగతి ఆయన నా దగ్గర అంత మెత్తగా ఎత్తడం అదే మొదలు, అదే చివర.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. నన్ను గుమ్మం దగ్గర ఉండమన్నారు. తాళంచెవి నా గుప్పిట్లోనే ఉంది.

"నేను ఒగటి అడగాలనుకుంటి. ఇప్పుడు వేరేది అడుగుతాండా," అన్నాడు నాయన. "మార్చి దాకా తాళంచెవి నా బిడ్డ దగ్గరే ఉండనీండి. నాకు వచ్చిన మాట నాకింకా పూర్తిగా అర్థం కాలేదు. అది చెప్పాల్సింది ఆ పిల్లోల్లే."

"అది వాగ్దానం కాదన్నా," అన్నాడు ఒక పెద్ద. "మీ బిడ్డ చూసుకోకుండా కలిపేసింది."

"నా బిడ్డ చూసుకోలేదు. నిజమే," అన్నాడు నాయన. "పైనున్నాయన గూడా చూసుకోలేదా?"

తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆయన ట్రంకు పెట్టె అడుగు నుంచి పాత టికెట్ పంచ్ తీశాడు. టికెట్ మిషన్లు వచ్చాక మూలన పడేసినవాటిలో ఒకటి అధికారిని అడిగి తెచ్చుకున్నాడు. నా దగ్గర మిగిలిన ఖాళీ అట్ట ఒకటి తీసుకున్నాడు. అది మందంగా ఉంది. రెండు చేతులతో నొక్కి, నాలుగు బెజ్జాలు కొట్టాడు. మా అట్టలవి గుండ్రటి బెజ్జాలు. ఆయన పంచ్‌వి ఒక పక్క కొంచెం కోసుకుపోయినట్టుంటాయి. మరునాడు క్లాసులో దాన్ని అట్టల పాప చేతిలో పెట్టి, "ఇది నీ బొగ్గు. అది నా బొగ్గు. లెక్క సరిపోయిందా?" అన్నాడు.

ఆమె దారం దూర్చి చూసింది. "సరిపోయింది తాతా."

ఆ జనవరిలో ఆయన వాక్యం చెప్పిన ఆదివారం, రెండు నిప్పుల గురించి చెప్పాడు. ప్రభువును ఎరగనని ముమ్మారు అన్న శిష్యుడు ఆ రాత్రి చలి కాచుకున్న నిప్పులు. తర్వాత ఒక తెల్లవారుజామున, సరస్సు ఒడ్డున, అదే శిష్యుని కోసం ప్రభువు చేపలు కాల్చిపెట్టిన నిప్పులు. ఆ రెండు చోట్లా బొగ్గు ఒకటే, మారింది శిష్యుడే, ఆయన క్షమ మారలేదు, అన్నాడు. ఎన్నో ప్రసంగాలు విన్నాను. అది మరిచిపోలేదు. కిటికీ బయట, మల్లెపందిరి నీడలో అట్టల పాప, ఇంకో ముగ్గురు నిలబడి వింటున్నారని తర్వాత తెలిసింది. తాత బొగ్గు గురించి చెప్తాడంట అని వచ్చారట.

పద్నాలుగు మందిలో పన్నెండు మంది ఒక్కసారే గట్టెక్కారు. మిగతా ఇద్దరూ జూన్‌లో. అట్టల పాప మగ్గం మీద కూర్చోలేదు. ఇప్పుడు ధర్మవరంలో పట్టు అద్దకం పెట్టిన చోట రంగులు కలిపే పనిలో ఉంది. ఏ రంగులో ఏది ఎంత పడాలో నోటితో చెప్పదట, రాసుకుని చూస్తుందట. ఎప్పుడైనా బస్టాండులో కనిపిస్తే వేళ్లు నీలంగానో ఎర్రగానో ఉంటాయి. మందిరానికి ఇప్పుడు టైల్స్ వేశారు. పిల్లలు ఇంగ్లీషు మీడియం. కార్బన్‌ను బొగ్గు అనరు. అట్టలు మాత్రం అవే. కోసుకుపోయిన నాలుగు బెజ్జాలున్నది ఎవరి చేతికి వస్తే వాళ్లు, ఇదేంటి మేడం ఇట్లుంది అని అడుగుతారు. అప్పుడు ఈ కథ చెబుతాను.

ఆ మరుసటి ఏడు డిసెంబరు ముప్పయ్యొకటిన నేను వాగ్దానాలు రాసి, డబ్బా అడుగున కాగితం ఎత్తి చూసి, మరీ లెక్కపెట్టి పోస్తున్నాను. నాయన మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన బైబిల్లోంచి బొగ్గు అంచు కొంచెం బయటికి కనిపిస్తోంది.

"ఈసారి ఏమన్నా కలిసిందా?"

"లేదు నాయనా. బాగా చూసినాను."

బొగ్గు అంచును వేలితో లోపలికి నెట్టాడు.

"ఒగటి కలపగూడదా?" అన్నాడు.

నేను తలెత్తి చూశాను. ఆయనే చెయ్యి అడ్డం ఊపేశాడు.

"వద్దులే. కలిపితే మనం వేసినట్టయితాది," అన్నాడు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.